బుజ్జి గేటు మోడల్ గురించి పెదనాన్న ఉత్తరం

చి. బుజ్జికి, పెదనాన్న దీవెనలు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన ప్రకాశం బ్యారేజీ గేటు మోడల్ చూశాను. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది. ఊరుకోలేక వెడల్పు 122 మి.మీ. ఉన్నదాన్ని 61 చేశాను. అంతే, రిబ్బులు, అదే గేటుకి బలమిచ్చే పట్టీలు, గేటు దాటి బయటికొచ్చాయి, రెండు రంధ్రాలు గాల్లో మిగిలాయి, పక్కన వరసగా ఎర్ర గుర్తులు. ఏది దేన్ని పట్టుకుని ఉండాలో నువ్వు సాఫ్ట్‌వేర్‌కి చెప్పలేదన్నమాట.

గీత గీశాక దాన్ని కట్టెయ్యాలి. ఈ రంధ్రం అంచు నుంచి 6 మి.మీ., ఈ రిబ్బులు మధ్యగీతకి అటూ ఇటూ సమానం, ఇలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పో. నీ దగ్గరున్న ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌లో స్కెచ్ పూర్తిగా బిగిస్తే ఆకుపచ్చగా మారుతుంది. మీ కాలేజీలో సాలిడ్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే నీలం పోయి నలుపు వస్తుంది. ఆ రంగు వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు. వెడల్పు, ఎత్తు, రేకు మందం మాత్రం ఒక స్ప్రెడ్‌షీట్‌లో పేర్లు పెట్టి రాసుకో, మిగతా కొలతలు వాటి నుంచే రావాలి. ఫిల్లెట్లు, అంటే అంచుల గుండ్రాలు, చిట్టచివర వెయ్యి. ముందే అంచులు గుండ్రం చేస్తే, వెనక్కి వెళ్లి ఏదైనా మార్చినప్పుడు అవే ముందు తెగుతాయి. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 నుంచి ఈ బాధ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఇక స్కేలు. అసలు గేటు 40 అడుగులు, 1:100లో 122 మి.మీ., లెక్క సరే. కానీ రేకుని కూడా వందతో భాగించావు. 10 మి.మీ. రేకు 0.1 అయింది. త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్ కారే నాజిల్ రంధ్రమే 0.4 ఉంటే అది ఎక్కడ ప్రింట్ అవుతుందమ్మా? 0.8 చెయ్యి, ఎవరూ స్కేలు పట్టుకుని రారు. కొండపల్లి అంబారీ ఏనుగు మన షోకేసులో ఉందిగా, చూడు. సన్నని నగిషీ అంతా కుంచెతో తెచ్చిందే. నీ రివెట్లు కూడా రంగుతో చుక్కలు పెట్టేసెయ్. గేటు జారే గాడిలో ఒక్కో వైపు 0.3 మి.మీ. ఖాళీ వదిలి, ముందు చిన్న ముక్క ప్రింట్ చేసి జారుతుందో లేదో చూసుకో.

గేటు ఎత్తే డ్రమ్ము, దాని బ్రాకెట్ ఇత్తడితో చేయించాలన్నావు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన వర్క్‌షాపులో చేయిస్తాను. కానీ డ్రాయింగ్ ఇచ్చే ముందు ఇది విను. మేం డ్రాయింగ్ బోర్డు వదిలి కంప్యూటర్‌కి మారిన కొత్తలో, ఒక లారీ బ్రాకెట్ గీసి మిల్లింగ్‌కి ఇచ్చాను. నాలుగు ముక్కలు వచ్చాయి. వెర్నియర్ పెట్టి కొలిచి చూస్తే ఎక్కడా తేడా లేదు. తీరా బిగించబోతే బోల్టు చెవి కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు ఉంది, అద్దంలో చూసినట్టు! సాఫ్ట్‌వేర్ అమెరికా వాళ్ల థర్డ్ యాంగిల్‌లో, అంటే ఎడమ నుంచి చూసింది ఎడమపక్కనే గీసే పద్ధతిలో, వ్యూలు పేర్చింది, నేను చూసుకోలేదు. మన దగ్గర ఫస్ట్ యాంగిల్, ఎడమ నుంచి చూసింది కుడిపక్కన గీస్తాం. మిషను మీద ఉన్నాయన ఎప్పటిలాగే చదువుకున్నాడు, ఆయన తప్పేముంది? మెటీరియల్, కూలి అన్నీ నా జేబులోంచే. మా వరండా తలుపుకి అడ్డం పెట్టే ఇనుప ముక్క చిన్నప్పుడు నీ కాలి మీద పడింది గుర్తుందా? అది ఆ నాలుగింట్లో ఒకటి.

కాబట్టి షీటు సెట్టింగ్‌లో ఏ యాంగిల్ ఉందో ముందు చూడు. బ్రాకెట్ లోపలి మూలలు నిక్కచ్చిగా గీశావు. కట్టర్ గుండ్రంగా ఉంటుంది, ఆ మూలలోకి పోదు. 2 మి.మీ. రేడియస్ ఇవ్వు. ఎం3 మర, అంటే 3 మి.మీ. బోల్టు పట్టే మర, ఉన్నచోట రంధ్రం 2.5 మి.మీ. గీయి, ట్యాప్‌తో మర వాళ్లు వేసుకుంటారు.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎవడిస్తానన్నా తీసుకోకు, నీ లాప్‌టాప్‌కి ఫ్రీక్యాడ్ చాలు.

ఆదివారం వచ్చేటప్పుడు ఫైలు స్టెప్ ఫార్మాట్‌లో తీసుకురా. త్రీడీ ప్రింటర్‌కి ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైలు తెస్తే అందులో యూనిట్లు ఉండవు, మిల్లీమీటర్లా అంగుళాలా అని మళ్లీ నీకే ఫోన్ చెయ్యాలి. కాగితం మీద ప్రింటు కూడా ఒకటి తే, వర్క్‌షాపులో మిషను మీద ఉండే ఆయన స్క్రీన్ చూసి పని చెయ్యడు.

పెదనాన్న,
పటమట