నాన్నగారి జీవితం రాయబోయే ముందు

చిరంజీవి బాబుకు ఆశీస్సులు.

నాన్నగారి సంవత్సరీకానికి ఆయన జీవితం గురించి చిన్న పుస్తకం వేయించి బంధుమిత్రులకు పంచాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన మొదటి పేజీ చదివాను. నిజాయతీపరుడు, కష్టజీవి, స్నేహశీలి అని రాశావు. అన్నీ నిజమే. కానీ మన విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పేరు నిలుపుకున్న ఏ వర్తకుడి గురించి రాసినా ఆ మాటలే వస్తాయి కాబట్టి, చదివేవారికి మీ నాన్నగారే కనబడాలంటే ఆయన చేసిన పనులు రాయాలి.

ముందుగా, కొట్లోని పాత ఖాతా పుస్తకాలను తూకానికి వేయనివ్వకు. అరువు పద్దులు నెలనెలా చూసుకుంటూ వెళితే ఏ ఇంటికి ఎప్పుడు ఇబ్బంది వచ్చిందో, పంట డబ్బు చేతికందాక పల్లెలవారు బాకీ ఎలా తీర్చారో తెలుస్తుంది. కొన్ని పద్దుల మీద అడ్డగీత ఉంటుంది, ఎదురుగా జమ ఉండదు. వాటిని ఆయన కావాలనే కొట్టేశారని నాకు తెలుసు. అలాంటివి ఉన్నాయని రాయి, ఎవరివో మాత్రం రాయకు. ఆ ఇళ్లలోని పిల్లల చేతికి కూడా ఈ పుస్తకం వెళుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన తరువాత, మన ఊళ్లో కరెంటు లేని రోజుల్లో, ఆయన కొవ్వొత్తులను పాత ధరకే అమ్మారు. పెట్టె మొత్తం కొంటానన్న మనిషికి రెండే ఇచ్చి, “వెనకాల వచ్చేవాళ్లకూ ఇల్లుంది కదా బాబూ” అన్నారు. నేను అక్కడే నిలబడి విన్నాను. ఇలాంటివి సరుకులు మోసిన కళాసీలకూ, పక్క కొట్ల వారికీ ఇంకా తెలిసి ఉంటాయి. వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లు, ఫోనులో అడిగితే పెద్దవాళ్లు పొగడ్తతో సరిపెడతారు. సంవత్సరాలు గుర్తులేవంటే, విజయనగరం జిల్లా ఏర్పడిన 1979కి ముందా తరువాతా, 2016లో పెద్దనోట్లు రద్దయినప్పుడా, 2017 జూలైలో జీఎస్టీ వచ్చాకా అని అడుగు, కాలం దానంతటదే తేలుతుంది.

ఇంటి సంగతులకు ఎక్కువ పేజీలు కేటాయించు. రాత్రిళ్లు పొట్లాలు కట్టిన మీ అమ్మగారి చేయి లేకుండా ఆ కొట్టు లేదు. అది ఆయనే నాతో పలుమార్లు అన్నారు. పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్లనాడూ, మర్నాడు మంగళవారం సిరిమాను ఉత్సవంనాడూ ఊరంతా జనమే కావడంతో ఆయన కొట్టు వదిలి రాలేకపోయేవారు, అమ్మగారే మిమ్మల్ని తీసుకెళ్లేవారు. నాన్న పక్కన లేరని చిన్నప్పుడు నీకు కలిగిన బాధను దాచకుండా రాయి. అది రాస్తే ఆయన గౌరవం తగ్గదు, ఆ కుటుంబం ఆ వ్యాపారానికి ఏమిచ్చిందో నలుగురికీ తెలుస్తుంది.

ఫొటోల విషయంలో శుభకార్యాలవి ఒకటి రెండు చాలు. కాటా వెనక కూర్చున్నది దొరికితే అదే ముందు పేజీలో వేయించు. అచ్చుకు ఇచ్చే ముందు మొత్తం అమ్మగారికి చదివి వినిపించి, ఆమె వద్దన్నది తీసేయి. ఆ తరువాత ఒక ప్రతి నాకు పంపితే, పేర్లూ తేదీలూ నేను ఒకసారి సరిచూస్తాను.

ఇట్లు,
మీ నాన్నగారి మిత్రుడు