కుందేలు కుండీ మీద పడితే

ప్రశ్న: మా కుందేలుకు ఏడాది వయసు, కిలోన్నర బరువు. పోయిన వారం హాల్లో మనీప్లాంట్ ఆకులు మూడు నాలుగు కొరికేసింది. కాసేపటికి చొంగ కారుస్తూ, ముందుకాళ్లతో మూతి రుద్దుకుంటూ కూర్చుంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించమని పక్కింటివాళ్లు అన్నారు. మాకు భయమేసి ఊరుకున్నాం, సాయంత్రానికి తేరుకుంది. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఉప్పునీళ్లు పట్టకుండా మంచి పని చేశారు. కుందేలుకు అసలు కక్కడం చేతకాదు. లోపలికి పోయినది పేగుల గుండా ముందుకే పోవాలి తప్ప పైకి రాదు. కక్కించాలని పోసే ఉప్పునీళ్లయినా, నూనెయినా, పాలయినా గొంతు తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, తప్పకపోతే పేగులను పాడుచేస్తాయి.

మనీప్లాంట్ ఆకులో కంటికి కనపడని సూదుల కట్టల్లా కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. ఆకు నలగగానే అవి నాలుకలో, చిగుళ్లలో గుచ్చుకుంటాయి. కంద కోస్తే మన చేతులు దురద పెట్టేదీ వీటివల్లే. ఆ మంటకు కుందేలు సాధారణంగా నాలుగు కొరుకులకే వదిలేస్తుంది కాబట్టి ప్రాణం మీదికి రావడం అరుదు. డిఫెన్‌బేకియా, సింగోనియం, జెడ్ జెడ్ ప్లాంట్ కూడా ఇదే కోవ.

ముందు నోట్లో మిగిలిన ముక్క ఉంటే తీసేసి, తడి గుడ్డతో పెదాలు, గడ్డం తుడవండి. సూది తీసేసిన సిరంజితో ముందు పళ్ల వెనకున్న ఖాళీలోంచి, పక్క నుంచి, ఒక్కో మిల్లీలీటరు చొప్పున మంచినీళ్లు పట్టండి. తల పైకెత్తకండి, మింగాకే తర్వాతి చుక్క. తర్వాత మామూలు గడ్డి, నీళ్ల గిన్నె ముందు పెట్టి వదిలేయండి. ఎంత తిన్నదో తెలియడానికి కొరికిన ఆకును పక్కనున్న మంచి ఆకుతో పోల్చి చూడండి. నేల మీద రాలిన ముక్కలూ లెక్కే. మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసి పెట్టుకుంటే డాక్టరుకు పని సులువవుతుంది.

అసలు భయం విషం కన్నా పేగులు ఆగిపోవడం. నోరు మండి కుందేలు తిండి మానేస్తే, పేగుల కదలిక తగ్గి లోపల గ్యాస్ పట్టేస్తుంది. అందుకని గంటగంటకీ రెండు చూడండి: తింటోందా, పెంటికలు వేస్తోందా. మంచి పెంటిక బఠానీ గింజంత ఉండి, గుండ్రంగా, విరిస్తే గడ్డిపొట్టులా రాలుతుంది. అవి చిన్నవై, గట్టిపడి, తగ్గుతుంటే జాగ్రత్త పడాలి. తెల్లవారుజామున గుత్తిగా, మెత్తగా, జిగురుగా కనపడేవి విరేచనాలు కావు. కుందేలు మళ్లీ తినడానికి వేసుకునేవి అవి. వాటిని చూసి కంగారుపడి మందు వేయకండి.

పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అత్యవసరమే, తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట డప్పులా బిగిసి ఉన్నా, మూలన ముడుచుకుని పళ్లు పటపట కొరుకుతున్నా, నోటితో ఊపిరి తీస్తున్నా ఆ పన్నెండు గంటలూ ఆగకుండా వెంటనే బయల్దేరండి. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోరు తెరిచిందంటే పరిస్థితి విషమించినట్టే. మామూలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. 38 కన్నా తగ్గితే గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన పెట్టుకుని తీసుకెళ్లండి. మే నెలలో మాత్రం చెవులు కాలిపోతూ డీలా పడితే వడదెబ్బ కూడా కావచ్చు. అప్పుడు తడి గుడ్డతో చెవులు తుడుస్తూ తీసుకెళ్లాలి, ఐసునీళ్లలో ముంచకూడదు.

మీకు దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా, కుందేళ్లను చూసే డాక్టరు ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కుక్కలకు, పిల్లులకు ఇచ్చే మందులన్నీ వీటికి పనికిరావు.

ప్రశ్న: బాల్కనీలో గన్నేరు, బిళ్ల గన్నేరు, రణపాల, కలబంద, మందారం, తులసి ఉన్నాయి. రణపాల మేమూ నమిలి తింటాం. వీటిలో కుందేలుకు ఏవి ప్రమాదం?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: గన్నేరును ఇవాళే తీసేయండి. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండిటిలోనూ గుండె కొట్టుకునే తీరును చెడగొట్టే పదార్థాలున్నాయి. ఎండి రాలిన ఆకులోనూ ఆ విషం పోదు. తిన్నట్టు అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకుండా బయల్దేరండి. హైవే డివైడర్ల మీద పెంచేది ఎక్కువగా ఈ గన్నేరే, రోడ్డు పక్క గరిక కోసుకొచ్చేవాళ్లు అందులో దీని ఆకు కలిసిందేమో ఏరి చూసుకోవాలి.

మనిషి నమిలే రణపాల కుందేలుకు మంచిదని అనుకోవద్దు. అందులోనూ గుండె మీద పనిచేసే పదార్థాలే ఉన్నాయి, పూలలో మరీ ఎక్కువ. 60 కిలోల మనిషికీ కిలోన్నర జీవికీ ఒక ఆకు ఒకటి కాదు. బిళ్ల గన్నేరు కూడా విషమే. కలబంద తొక్క కింద కారే పసుపు పాలు విరేచనాలు పట్టిస్తాయి.

మందారం ఆకు, పువ్వు, తులసి కొద్దికొద్దిగా తింటే ఫర్వాలేదు. అయితే నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కను, మందారమే అయినా, రెండు నెలలు అందనివ్వకండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు వేరు నుంచి ఆకులోకి ఎక్కుతాయి, కడిగితే పోవు.

ప్రశ్న: కుండీల చుట్టూ కారం చల్లితే కుందేలు రాదంటున్నారు, నిజమేనా? కొరికేసిన మొక్కలు బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కారం చల్లకండి. మిరపయార్డు దారిలో నడిచినవారికి ఆ ఘాటు ఏపాటిదో తెలుసు. ముక్కుతోనే ఊపిరి తీసే జీవి, నేలకు జానెడు ఎత్తులో, ఆ పొడి పీలుస్తుంది, కాళ్లకంటినది కళ్లకు రుద్దుకుంటుంది. దానికి బదులు కుండీ చుట్టూ అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ మూడు అడుగుల ఎత్తున బిగించండి. పల్చటి కోళ్ల జాలీని కొరికేస్తాయి. మొక్క పైన వేలాడదీస్తే రాలే ఆకులు రోజూ ఊడవాలి.

ముందు పళ్లు వారానికి 2–3 మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం మాన్పించలేం. ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉంటే కుండీ మీద ఆశ తగ్గుతుంది. దాని ఒంటి పొడవంత గడ్డి మోపు రోజూ ఖాళీ కావాలి.

మొక్కల సంగతి: మనీప్లాంట్‌కు ఒక కణుపు మిగిలితే చాలు, అక్కడే చిగురిస్తుంది. తులసిని కణుపు పైన శుభ్రంగా కత్తిరించండి. అరెకా పామ్‌కు మాత్రం ఒక్కో కాండానికి ఒకటే మొవ్వు, అది కొరికితే ఆ కాండం పోయినట్టే, పక్క కాండాలు బతుకుతాయి.

ప్రశ్న: మొక్క తిన్నాక నీరసంగా ఉందంటే మందుల షాపులో పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. వేయొచ్చా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దు, ఒక్క చుక్క కూడా. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ కుందేలు పేగుల్లోని మంచి బాక్టీరియాను చంపేస్తాయి. ఆ చోట చెడ్డవి పెరిగి విషం వదులుతాయి. రెండు మూడు రోజుల్లో నీళ్ల విరేచనాలతో చనిపోవచ్చు. ఇప్పటికే వేసి ఉంటే ఆపేసి, సీసా పట్టుకుని, ఎన్ని మిల్లీలీటర్లు ఎప్పుడెప్పుడు వేశారో కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.