పట్టర్‌కి అంత ధరా?

ప్రశ్న: గోల్ఫ్‌కి స్కాటీ కామెరాన్ కంపెనీ పట్టర్ (బంతిని గుంతలోకి దొర్లించే కర్ర) కొందామంటే 400 డాలర్లు దాటుతోంది. మా ఆవిడ "ఆ కర్రకా!" అంటోంది. కొనమంటారా సార్?
– ఓ పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: సగం వరకు మీ ఆవిడ పక్షమే నాది. దాని తలని (బంతికి తగిలే కింది భాగాన్ని) సాధారణంగా పోత పోయరు, లోహపు దిమ్మ నుంచి మిషన్ మీద చెక్కుతారు. బంతి తగిలితే చేతికి హాయిగా ఉంటుంది, నిజమే. టైగర్ వుడ్స్ గెలిచిన 15 మేజర్లలో (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీల్లో) 14 వాళ్ల న్యూపోర్ట్ 2 మోడల్ పట్టర్‌తోనే. కానీ ఆ చెయ్యి వేరు!

నేనూ ముచ్చటపడి కొన్నాను. మూడడుగుల దూరం నుంచి కొట్టిన పట్ కూడా ఎప్పటిలాగే కప్పు (గుంత) అంచు తాకి బయటికే. తీరా చూస్తే 35 అంగుళాల కర్ర నాకు పొడుగు. 33కి కోయించాక కుదురుకుంది. ముందు పొడుగు కొలిపించుకోండి, తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. తల కవరు అడిగి మరీ తీసుకోండి, మళ్లీ అమ్మేటప్పుడు దానికీ ధర పలుకుతుంది.