సౌండ్ కార్డు కొనే ముందు ఎర్తింగ్ చూపించుకోండి

ఒంగోల్లో ఇంటికి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయిస్తున్నామనీ, పాటలూ సినిమాలూ పిల్లల ఆన్‌లైన్ క్లాసులూ తప్ప వేరే పని లేదనీ, విడిగా సౌండ్ కార్డు, అంటే కంప్యూటర్లో శబ్దం పలికించే విడి బోర్డు, వేయించుకోమంటున్నారు, అవసరమా అనీ అడిగారు. మీరు చెప్పిన పనులకు అవసరం లేదండీ. ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి, తేడా మొదటి పాటకే తెలుస్తుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకసారి అనవసరంగా కొన్నాను.

మాది కావలి. నాలుగేళ్ల కిందట మే నెలలో మా స్పీకర్లలో గుయ్యిమని ఒకటే మోత మొదలైంది. కంప్యూటర్లో వాల్యూమ్ సున్నాకి తెచ్చినా పోదు. అదే స్పీకర్ల వైరు తీసి సెల్‌ఫోన్‌కి పెడితే మోత ఉండదు. ఇంకేముంది, మదర్‌బోర్డులో, అంటే కంప్యూటర్ ప్రధాన బోర్డులో, ముందే ఉండే సౌండ్ చిప్ పోయిందనుకుని నాలుగున్నర వేలు పెట్టి కార్డు తెచ్చి బిగించాను. మోత అలాగే ఉంది. ప్రాణం ఉసూరుమంది. రెండు రోజులు డ్రైవర్లు, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, తీసి మళ్లీ వేసి విసిగిపోయాను.

ఆ సాయంత్రం చెప్పుల్లేకుండా నేల మీద కూర్చుని, వైర్లు సర్దుదామని క్యాబినెట్ వెనక స్క్రూ మీద వేలు పెట్టాను. చీమలు పాకినట్టు చిమచిమలాడింది. మా వీధిలో ఉండే ఎలక్ట్రీషియన్ అన్నకి ఆ సంగతి చెబితే, కంప్యూటర్ వైపు చూడకుండానే పెరట్లోకి నడిచాడు. ఎర్త్ గుంత ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంది. పైపుకి వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టి, చేత్తో లాగితే ఊడొచ్చింది. బోల్టు మార్చి, గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి, నాలుగు బిందెల నీళ్లు పోయించాడు. లోపలికొచ్చి ఆన్ చేశాను. స్పీకరుకి చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు. కార్డు తీసేసి పాత చిప్‌కే వైరు పెట్టి చూశాను. అప్పుడూ లేదు.

ఎర్త్ సరిగా లేకపోతే క్యాబినెట్ రేకుకి కొద్దిగా కరెంటు వస్తూ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి అది స్పీకర్లో బరువైన మోతగా వినిపిస్తుంది. లోపల బిగించే కార్డు కూడా అదే రేకుకి, అదే పవర్ సప్లైకి అంటుకునే ఉంటుంది కదా, దానికీ ఆ మోత తప్పదు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని చెప్పేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు, ఇంట్లో పిల్లలున్నారు.

మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే అది వేరే కారణం. క్యాబినెట్ ముందున్న హెడ్‌ఫోన్ సాకెట్‌కి వెళ్లే వైరు లోపలి గోలంతా మోసుకొస్తుంది. వెనకున్న ఆకుపచ్చ సాకెట్లో పెట్టి చూడండి. అక్కడా వస్తే, కొన్ని వందల్లో దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ చాలు.

కార్డు వేయించాలన్న మాట ఒకప్పుడు నిజమే. 1989లో సౌండ్ బ్లాస్టర్ అనే కార్డు వచ్చిన రోజుల్లో కార్డు లేని కంప్యూటర్ బీప్ అనడం తప్ప పెద్దగా పలికేది కాదు. 1997లో ఇంటెల్ ఏసీ 97, 2004లో హెచ్‌డీ ఆడియో అనే సౌండ్ ప్రమాణాలు తెచ్చాక ఆ పని మదర్‌బోర్డులోకే చేరిపోయింది. ఇక మీరు సినిమాలు హెచ్‌డీఎంఐ వైరుతో టీవీలో చూస్తే సౌండ్ కూడా ఆ వైరులోనే పోతుంది, కార్డుతో పనే పడదు.

విడిగా కొనాల్సిన సందర్భాలు లేకపోలేదు. 250, 300 ఓమ్‌ల ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉన్న పెద్ద హెడ్‌ఫోన్లు కొంటే వాటికి బలం చాలక సౌండ్ నీరసంగా వస్తుంది, అప్పుడు హెడ్‌ఫోన్ ఆంప్ కావాలి. 48 వోల్టులు అడిగే స్టూడియో మైకు పెట్టి పాడాలంటే బయట పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి. దానికీ మామూలు సౌండ్ కార్డు పనికిరాదు.

పాత క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించుకోవడానికి మాత్రం అవేవీ అక్కర్లేదు. మా తాతయ్య కందుకూరు చుట్టుపక్కల నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన క్యాసెట్లు పద్నాలుగు మా దగ్గరున్నాయి. మొదట తెలియక టేప్ రికార్డర్ వైరు గులాబీ రంగు మైకు సాకెట్లో పెట్టాను. ఆయన రాగం ఎత్తుకున్న ప్రతిచోటా గొంతు పగిలిపోయింది. తర్వాత నీలం రంగు లైన్-ఇన్‌లో పెట్టి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోలో, అంటే ఆడియో సీడీ నాణ్యతలో, ఎక్కించాను. గంటకి 635 ఎంబీ దాకా అయింది. టేపుకి సహజంగా ఉండే సుయ్‌మనే శబ్దం ముందు చిప్ చప్పుడు లెక్కలోకే రాదు. పద్యం మధ్యలో హార్మోనియం ఆయనకు శ్రుతి అందించడం, ఎవరో వన్స్‌మోర్ అని అరవడం కూడా స్పష్టంగా వినిపించాయి. మీ ఇంట్లోనూ అలాంటి క్యాసెట్లుంటే, వెనక నీలం సాకెట్ ఉన్న మదర్‌బోర్డు ఇవ్వమని షాపులో ఇప్పుడే అడగండి. ఈ మధ్య కొన్నిటికి ఉండటం లేదు.