ఎర్త్ లేకపోతే పౌడర్ పిండిలా రాలుతుంది

ప్రశ్న: అన్నా, మా నాన్న నడిపిన పాత బుల్లెట్‌ను బాగు చేసుకుంటున్నాను. ఇనుము మీద రంగు పొడి కొట్టి, ఓవెన్‌లో కాల్చి పూతగా మార్చే పౌడర్ కోటింగ్ గన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ముందు ఒక ఫుట్‌రెస్ట్ మీద కొట్టి చూశాను. సగం పౌడర్ కిందనే రాలింది. అంటుకున్నచోట కాల్చాక బుడగలొచ్చాయి. అమ్మ కేకులు చేసే ఓటీజీ వాడాను. తప్పెక్కడ? పెట్రోల్ ట్యాంకు కూడా ఇంట్లోనే చేయొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఓటీజీ సంగతి. అది మళ్లీ వంటింట్లోకి పోవద్దు. పౌడర్ అంటే ప్లాస్టిక్ రెసిన్, రంగు కలిపి నూరిన పొడి. కాలేటప్పుడు వచ్చే ఆవిరి లోపలి గోడలకు పట్టుకుంటుంది. అమ్మకు ఇంకొకటి కొనివ్వు. ట్యాంకు అసలే వద్దు. ఎంత కడిగినా అతుకుల్లో పెట్రోల్ ఆవిరి మిగులుతుంది, వేడికి పేలిపోవచ్చు.

ఇక రాలడం. గన్ పౌడర్‌కు వేల వోల్టుల చార్జ్ ఇస్తుంది. ఎర్త్ ఉన్న ఇనుము దాన్ని లాక్కుంటుంది. ఎర్త్ లేకపోతే గోడకు విసిరిన పిండే. నల్గొండలో నేను షెడ్డు పెట్టిన మొదటి ఎండాకాలం ఇదే టెన్షన్. గన్ విప్పి చూశాను, పౌడర్ మార్చాను, లాభం లేదు. చివరికి పక్క షాపు ఎలక్ట్రీషియన్ పెద్దాయన వచ్చి ఎర్త్ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోశాడు. మనది రాతి నేల, మే నెలకు గుంత ఎండిపోతుంది. తర్వాత కొడితే పౌడర్ ముందునుంచి వంగి పైపు వెనక్కి కూడా పోయి అంటుకుంది! నువ్వు ముక్కను వేలాడదీసే కొక్కెం కూడా చూసుకో. పోయినసారి కాలిన పౌడర్ దాని మీద ఉంటే ముక్కకు ఎర్త్ అందదు. ప్రతిసారీ ఆకురాయితో గీకి ఇనుము తెల్లగా కనపడేలా చేయి.

బుడగలకు కారణం ఎక్కువగా నూనె. పాత బండి ఫుట్‌రెస్ట్ వెల్డింగ్ సందుల్లో ఏళ్ల నాటి ఇంజిన్ ఆయిల్ ఉంటుంది, వేడికి బయటికొస్తుంది. రబ్బరు తీసేయి. ఇప్పుడున్న కోటింగ్ పెయింట్ రిమూవర్‌తో తీసి, తుప్పు పూర్తిగా గీకి, జిడ్డు తీసే డిగ్రీజర్‌తో కడుగు. కడిగాక నీళ్లు పొరలా పరుచుకోవాలి. తామరాకు మీద బొట్లలా విడిపోతే నూనె ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడుగు. చివరి కడుగుడు మాత్రం బోరు నీళ్లతో వద్దు. ఉప్పు మరకలు మిగిలి కోటింగ్ కింద తుప్పు మొదలవుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు. ఆ తర్వాత పౌడర్ కొట్టకుండా ఉత్త ఇనుమునే 200 డిగ్రీల పైన అరగంట కాల్చు. మిగిలిన నూనె చెమటలా బయటికొస్తుంది. చల్లారాక తుడిచి, అప్పుడు పౌడర్ కొట్టు. మళ్లీ ఒట్టి చేత్తో ముట్టుకోకు, వేలిముద్ర కూడా నూనెనే.

పలుచగా కొట్టు, 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). మందమైతే మన బత్తాయి తొక్కలా వస్తుంది. డబ్బా మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలని ఉంటే, ఆ 10 నిమిషాలు లోహం 200కు చేరాక లెక్క, ఓటీజీ చేరాక కాదు. లావు ముక్కకు ఇంకా ఆలస్యం. చల్లారాక థిన్నర్ గుడ్డతో గట్టిగా రుద్దు. గుడ్డకు రంగు బాగా అంటితే సరిగా కాలనట్టు.

బండి ఎండలో తిరుగుతుంది కాబట్టి పాలిస్టర్ పౌడరే కొను. ఎపాక్సీ అనే ఇంకో రకం పౌడర్ ఎండకు సుద్దలా తెల్లబడుతుంది. నేనొక గేటుకు తెలియక ఎపాక్సీ కొట్టి, ఏడాదిలోపే సొంత ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను.

కొట్టేటప్పుడు మాస్క్ తప్పనిసరి. దగ్గర్లో పొయ్యి, బీడీ, ఏ నిప్పూ ఉండొద్దు. గాల్లో లేచిన పౌడర్ భగ్గుమంటుంది.