కొడుక్కి ఐఐటీ రాలేదని తండ్రి మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది పల్నాడులో చిన్న ఊరు. మావారికి ఎరువుల దుకాణం ఉంది. మేమిద్దరం టెన్త్ దాటలేదు. బాబుని రెండేళ్లు విజయవాడలో హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివించాం. ఐఐటీకి ర్యాంకు రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకుతో గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్స్ సీటు వస్తుంది. మావారేమో లాంగ్ టర్మ్ (ఇంకో ఏడాది కోచింగ్) చేయాల్సిందే, ఐఐటీ పేరు లేకపోతే జీవితాంతం వెనకబడిపోతాడు అంటున్నారు. మూడు వారాల నుంచి వాడితో మాటల్లేవు. వాడు గదిలోంచి బయటికి రావడం లేదు, సరిగా తినడం లేదు. నిజంగా కాలేజీ పేరుకి అంత విలువ ఉందా?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి, ఆ తర్వాతే కాలేజీ సంగతి. మూడు వారాలుగా తిండి తగ్గి గదిలోనే ఉంటున్నాడంటే దాన్ని అలక అనుకోకండి. ఈ రోజే పక్కన కూర్చుని మాట్లాడండి. ర్యాంకు ఊసు ఎత్తకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగడానికి భయపడొద్దు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునన్నా, మీకు అనుమానంగా ఉన్నా వాడిని ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

ఇక మీ ప్రశ్న. పేరుకి విలువే లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. ఎక్కువ జీతాలిచ్చే కొన్ని కంపెనీలు ఐఐటీలకు వెళ్లినట్టు మీ గుంటూరు కాలేజీకి రావు. మొదటి ఉద్యోగం దగ్గర ఆ తేడా తెలుస్తుంది. కానీ జీవితాంతం అన్న మాట వేరు. 1976లో అమెరికాలో కాలేజీల్లో చేరినవాళ్లు దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఎంత సంపాదిస్తున్నారో స్టేసీ డేల్, అలెన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీశారు. పెద్ద కాలేజీలో సీటు వచ్చి కూడా చిన్న కాలేజీలో చదివినవాళ్లు సగటున ఏమీ వెనకబడలేదు. అంటే తెలివి, పట్టుదల పిల్లవాడితోనే వెళ్తాయి, ఏ కాలేజీకి వెళ్తే అక్కడికి.

అదే లెక్కలో మీ ఇంటికి సంబంధించిన ఇంకో విషయం కూడా ఉంది, దాచను. పేదింటి పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల మేలు జరిగింది. తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లల విషయంలోనూ అంతేనని వాళ్లే తర్వాత తేల్చారు. కారణం ఊహించడం కష్టం కాదు. పరిచయాలు, దారి చెప్పే మనుషులు ఆ ఇళ్లల్లో తక్కువ. అవి కాలేజీలోనే దొరకాలి. ఐఐటీ రాని సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివి 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారని అందరూ చెబుతారు. నిజమే, కానీ ఆయన తండ్రి యుగంధర్ గారు ఐఏఎస్ అధికారి. ఆ ఇంట్లో ఉన్న ఊతం మీ బాబుకి లేదు. మీ వారి భయంలో ఈ కొంత నిజం ఉంది, అందుకే ఆయన్ని మూర్ఖుడని నేను అనను. మాట్లాడటం మానేయడం మాత్రం తప్పే. అది పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి పెద్ద శిక్ష.

ఆ ఊతం చిన్న కాలేజీలో కూడా సంపాదించుకోవచ్చు. 2014లో అమెరికాలో గ్యాలప్ సర్వే సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 30 వేలకు పైగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లను అడిగితే, పనిలో ఉత్సాహంగా ఉండటానికీ కాలేజీ పేరుకీ పెద్దగా సంబంధం కనబడలేదు. తమను పట్టించుకున్న అధ్యాపకుడు ఉన్నవాళ్లు, నేర్చుకున్నదాన్ని ఇంటర్న్‌షిప్‌లో వాడిచూసినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టేముందు బాబుని వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్లండి. గేటు బయట మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లల్ని పట్టుకుని అడగండి: క్లాసులు సరిగా జరుగుతాయా, ల్యాబులు తెరిచి ఉంటాయా, డౌటు వస్తే ఏ సారు దగ్గరికి వెళ్తారు, నిరుడు ఎంతమందికి ఏ ఉద్యోగాలు వచ్చాయి. బోర్డు మీద వేసిన అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది, మీకు కావాల్సింది మామూలు పిల్లవాడి సంగతి. ఐఐటీ మీద ఆశ మిగిలితే, ఇంజినీరింగ్ అయ్యాక గేట్ అనే పరీక్ష రాసి అక్కడే ఎం.టెక్ చేయొచ్చు.

లాంగ్ టర్మ్ తప్పని అనను. ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు, బాబుకి ఇంకొక్క అవకాశమే ఉంది. అది వాడికి కావాలా వద్దా అన్నది వాడే చెప్పాలి, అదీ కుదుటపడ్డాక. ఇప్పుడున్న స్థితిలో మళ్లీ హాస్టల్లో దించి రావడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మీ వారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఈ రాత్రి కంచం దగ్గర బాబుని ఆయన్నే పిలవమనండి.