పక్షవాతం వచ్చి 7 నెలలు: మెదడు టోపీ, వీఆర్ కోసం హైదరాబాద్ పోవాలా?

మీరు అడిగింది ఇది: దేవరకొండలో ఉండే మీ నాయనకు పక్షవాతం వచ్చి 7 నెలలైంది. నడక కుదిరింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు తలకు టోపీ పెట్టి మెదడు సిగ్నల్‌తో చెయ్యి కదిలిస్తామని, వీఆర్ (వర్చువల్ రియాలిటీ: కళ్లద్దాల్లోనో తెర మీదో కనిపించే) ఆటలు ఆడిస్తామని, 25 సిట్టింగులు పడతాయని చెప్పారు. పోవాలా వద్దా?

డబ్బు లెక్క తర్వాత. ముందు ఆయన మణికట్టు చూడండి. ముంజేయి బల్ల మీద పెట్టించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టు నుంచి చెయ్యిని బల్ల అంచు బయట వేలాడనివ్వండి. పైకి లేపమనండి. మణికట్టు 20 డిగ్రీలు లేచి, వేళ్లు 10 డిగ్రీలన్నా తెరుచుకుంటే టోపీ అక్కర్లేదు. ఆ చేతితో పని చేయించడమే మందు. అసలు కదలకపోతేనో, మినుకుమినుకుమంటూ కండ కదిలి ఆగిపోతేనో టోపీకి అర్థం ఉంది. 7 నెలలు ఆలస్యమేమీ కాదు. అమెరికాలో 2021లో అనుమతి వచ్చిన ఇప్సిహ్యాండ్ అనే ఇలాంటి యంత్రం పక్షవాతం వచ్చి 6 నెలలు దాటినవాళ్లకే.

టోపీ చేసే పని ఒక్కటే. కుడి చెయ్యి లేపాలని ఆయన మనసులో గట్టిగా అనుకున్నప్పుడు, ఎడమ పక్క మెదడులో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే (8-13 హెర్ట్జ్) అల తగ్గుతుంది. కంప్యూటర్ ఆ తగ్గుదలను పట్టుకున్న క్షణంలో ముంజేయి వెనక అతికించిన ప్యాడ్ల నుంచి కరెంటు పోయి మణికట్టు లేస్తుంది, తెర మీద చెయ్యీ లేస్తుంది. అనుకోవడం, కదలడం ఒకే క్షణంలో జరగాలి. మొత్తం కిటుకు అక్కడే ఉంది. 2018లో స్విట్జర్లాండ్ బృందం ప్రచురించిన పరీక్షలో ఒక గుంపుకు మెదడు సిగ్నల్‌ను బట్టి, ఇంకో గుంపుకు ఇష్టమొచ్చినప్పుడు అలాంటి కరెంటే ఇచ్చారు. మొదటి గుంపు చేతులే మెరుగుపడ్డాయి.

అందుకే సెంటర్‌లో ఒక పరీక్ష చేయించండి. టోపీ పెట్టి, కరెంటు సెట్ చేశాక, ఆయన్ని చెయ్యి సంగతి వదిలేసి పొలం గురించో మనవల గురించో ఆలోచించమనండి. అప్పుడు కూడా చెయ్యి టపటపా లేస్తుంటే అది టైమర్ మీద నడుస్తోంది. ఆ పని మామూలు కరెంటు మిషన్‌తో నల్లగొండలోనే అవుతుంది, నమస్కారం పెట్టి వచ్చేయండి. అప్పుడప్పుడు పొరపాటున లేవడం వేరు, ప్రతిసారీ లేవడం వేరు.

యంత్రం నిజమైనదే అయినా తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. మొదటిది పళ్లు బిగించడం. చెయ్యి రాక కష్టపడుతున్నప్పుడు పెద్దవాళ్లు దవడ, భుజం బిగిస్తారు. దవడ కండల సిగ్నల్ మెదడు అలల కన్నా ఎన్నో రెట్లు పెద్దది, కంప్యూటర్ దాన్నే పట్టుకుని చెయ్యి లేపుతుంది. ఆయన నేర్చుకునేది పళ్లు కొరకడమే అవుతుంది. నోరు కొంచెం తెరిచి కూర్చోమనాలి. రెండోది కొబ్బరినూనె. నూనె తల మీద ఎలక్ట్రోడ్ (సిగ్నల్ పట్టే బిళ్ల) సరిగ్గా అంటదు, సాంకేతిక నిపుణుడు అరగంట జెల్ పోస్తూ కూర్చుంటాడు. ముందు రోజు రాత్రి కుంకుడుకాయతోనో షాంపూతోనో తలస్నానం చేయించండి, నూనె రాయొద్దు. పొద్దున బస్సులో వంద కిలోమీటర్లు పైన కూర్చుని దిగగానే టోపీ పెట్టించుకుంటే నిద్ర ముంచుకొస్తుంది, నిద్రమత్తులో సిగ్నల్ పనికిరాదు. గంటసేపు పడుకోబెట్టాకే మొదలుపెట్టమనండి. ఇంకో మాట: ఎంత చేసినా సిగ్నల్ అందనివాళ్లు కొందరుంటారు. రెండు మూడు సిట్టింగుల్లో అది తెలిసిపోతుంది కాబట్టి 25కూ ఒకేసారి డబ్బు కట్టొద్దు. మొదట్లో, చివర్లో చెయ్యి ఎంత కదులుతుందో కొలిచే ఫ్యూగల్-మేయర్ స్కోరు రాసిమ్మనండి. చేతికి 66కు లెక్క. 5 పాయింట్ల లోపు పెరిగితే ఇంట్లో మీకు తేడా కనిపించదు.

వీఆర్ సంగతి వేరు. కదలిక అసలు లేని చేతికి అది కేవలం బొమ్మ. కెమెరాకు కదలిక కనిపించాలి కదా. కొంచెం ఉన్నవాళ్లకు కూడా అది మామూలు ఫిజియోథెరపీకి అదనం, బదులు కాదు. 2016లో కెనడా వాళ్లు నడిపిన ఎవరెస్ట్ అనే పరీక్షలో ఒక గుంపు నింటెండో వీ (Wii) అనే వీడియో గేమ్ ఆడింది, ఇంకో గుంపు పేక ముక్కలు, బింగో, బంతి లాంటివి ఆడింది. చివరికి చేతుల్లో తేడా లేదు. చెయ్యి ఎన్నిసార్లు పని చేసిందన్నదే లెక్క. మామూలు ఫిజియో సిట్టింగులో పని మీద చెయ్యి కదిలేది సగటున 30 సార్ల చిల్లర అని అమెరికాలో లెక్కబెట్టారు. మెదడు మారాలంటే వందల్లో కావాలి.

ఆ వందలు ఇంట్లోనే అవుతాయి. మీ నాయనకు కదలిక ఏమాత్రం లేకపోతే అద్దంతో మొదలుపెట్టండి: అడుగున్నర అద్దం బల్ల మీద నిలబెట్టి, కుడి చెయ్యి అద్దం వెనక, ఎడమ చెయ్యి ముందు. ఎడమ చేతి ఉంగరం, వాచీ, దారం తీసేయండి, లేకుంటే అద్దంలో అది కుడి చేయిలా అనిపించదు. ఎడమ చెయ్యి ఆడిస్తూ అద్దంలోకే చూస్తూ, వెనకున్న కుడి చేతితో కూడా అదే చేయాలని ప్రయత్నించాలి. రోజూ 30 నిమిషాలు, రెండు విడతల్లో.

వేళ్లు కొంచెం తెరుచుకుంటే రెండు గిన్నెలు, ఒక దాంట్లో 10 బత్తాయిలు. ఒక్కొక్కటి పట్టి రెండో గిన్నెలో వేయాలి. పట్టుకోవడం కన్నా వదలడమే కష్టమని మీకే తెలుస్తుంది. అది సులువైనాక నిమ్మకాయలు, తర్వాత పల్లికాయలు, చివరికి చింతపిక్కలు. ప్రతి పదికీ మంచి చేతితో ఒక పిక్క పక్కన పెడితే లెక్క తప్పదు. వంగి, భుజం ఎగరేసి అందుకుంటుంటే ఆ లెక్క చెల్లదు. నడుముకు, ఛాతీకి కండువా వదులుగా చుట్టి కుర్చీ వీపుకు ఆనించండి. బాగుపడినట్టు కనిపించినా ఈ ఒంగడం వల్ల భుజం నొప్పి రావచ్చు. చెయ్యి పట్టి లాగి లేపడం, తల మీద కప్పీ తాడు లాగించడం ఎవరు చెప్పినా వద్దు.

ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే, గుండెలో పేస్‌మేకర్ ఉంటే కరెంటు ప్యాడ్లు, వీఆర్ రెండిటికీ ముందు న్యూరాలజిస్టు మాట, పేస్‌మేకర్ ఉంటే గుండె డాక్టరు మాట కూడా తీసుకోండి. కుడి చేతికి స్పర్శ తక్కువైతే ప్యాడ్ కింద చర్మం కాలినా ఆయనకు తెలియదు, ప్రతిసారీ ప్యాడ్ తీసి చూడండి. వీఆర్ కళ్లద్దాలు పెట్టేటప్పుడు చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి, నిలబెట్టొద్దు. తల తిరిగితే వెంటనే తీసేయండి.

మణికట్టు ఎంత లేస్తోందో, వేళ్లు తెరుచుకుంటున్నాయో రాసి చెప్తే ఏది ముందు చేయాలో ఇక్కడే చెప్తాను.